ఆధారమేమని యడిగిన యమ్మాయి

గత మాసమున నాకు వచ్చిన యుత్తరములలో నొకటి నాలుగు పుటలది. వ్రాసినవారు అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములో ఇరువదియైదేండ్లుగా కాపురముండు నొక సోదరీమణి. తమ పేరు ప్రకటింపవలదని కోరిరి గనుక ప్రకటింపను. ఆ యుత్తరమును రెండు పర్యాయములు చదివితిని. వారికి రెండు దుఃఖములు కలవు. అవి వేఱువేఱని వారి యభిప్రాయము. నాకు మాత్రము రెండును ఒక్క కుదుటినుండి మొలచినవిగా దోచుచున్నవి.

మొదటిది యిది. వారి పెద్దకూతురికి మార్గశిర మాసమున మగశిశువు కలిగెను. పురుటి పనులన్నియు అమ్మమ్మగారే తమ చేతిమీదుగా జరిపించిరి. శిశువు తల గుండ్రముగా కుదురుటకై ఆవాలు పోసి మెత్తని దిండు కుట్టి తొట్టిలో నమర్చిరి. నాలుకకు తేనె రాచిరి. సెలవులకు వచ్చిన చిన్నకూతురు, ఇరువదిరెండేండ్ల పిల్ల, దిండు తీసి బీరువాలో బెట్టి, తేనెసీసా మూత బిగించి, “ఇది మేలుచేయుననుటకు ఆధారమేమి, అమ్మా?” అని యడిగినదట. “మా యమ్మ చేసినది, మా యమ్మమ్మ చేసినది, మీ రిద్దఱును ఈ చేతులలోనే పెరిగినారు, ఇంతకంటె ఆధార మేమి కావలెనే?” అని వీరనిరి. మాట పెరిగినది.

రెండవది. ఆ చిన్నదియే డాక్టరు చదువు తనకు వలదనియు, ఫిజీషియన్ అసిస్టెంటు పాఠశాలలకు దరఖాస్తు పెట్టుకొందుననియు చెప్పినది. “అసిస్టెంటనగా మన యూరిలో డాక్టరుగారి వెనుక నిలిచి మందులు కలుపు కాంపౌండరు కాదా? తెలుగువారి యుగాది సభలో పదిమంది యడిగిన నేమి చెప్పుదును? వారి నాన్నగారు డాక్టరు చదువునకైన నెంతయైన నిత్తును, దీనికి దమ్మిడీ యియ్యనని భీష్మించి కూర్చున్నారు. ఏప్రిలు నెలాఖరున దరఖాస్తులు మొదలగునట. తల్లీకూతుండ్రము మాటలాడుకొని మూడు వారములైనది. మీరేమందురు?” అని యుత్తరము ముగించిరి.

సోదరీ, ముందుగా తేనె సంగతి చెప్పెదను, ఏలయన నందులో సందేహమునకు తావులేదు. ఏడాది నిండని శిశువునకు తేనె యియ్యరాదు. తేనెలో ఒక్కొక్కప్పుడు బొట్యులిజమను వ్యాధికి కారణమగు సూక్ష్మజీవి బీజములుండును. పెద్దవారి ప్రేవులలో నవి మొలకెత్తవు. పసిబిడ్డ ప్రేవులలో మొలకెత్తి విషమును పుట్టించును. అప్పుడు బిడ్డకు మలబద్ధకము కలుగును, ఏడుపు సన్నగిల్లును, పాలు పీల్చు బలము తగ్గును, మెడ వాలిపోవును. పసిబిడ్డలకు వచ్చు నీ వ్యాధిని వైద్యులు గుర్తించినది 1976లో, కాలిఫోర్నియా రాష్ట్రమున. వ్యాధి యరుదైనదే. కాని తేనె నాకించుటవలన శిశువునకు గలుగు లాభ మేమియు లేనప్పుడు, అరుదైన యపాయమునైన నేల కొనితెచ్చుకొనవలెను?

నేనును నా పెద్దవానికి తేనె నాకించినదాననే. వాడిప్పుడు ఆరడుగుల మనిషి. అందుచేత తేనె మంచిదని నేను వాదించిన, కన్నులు మూసికొని వీథి దాటినను బండి తగులలేదు గనుక అట్లు దాటుటయే మేలని చెప్పినట్లుండును. కష్టము కలిగిన యిండ్లవారు పేరంటములలో ఆ మాట చెప్పుకొనరు. చెప్పుకొనువారందఱును బిడ్డలు దక్కినవారే. మన “అనుభవము” నందలి లోపమిది.

దిండు సంగతి యింతకంటె పెద్దది. ఇందులో తప్పు అమ్మమ్మలది మాత్రమే కాదని మీకు ధైర్యము చెప్పుటకే కొంత విపులముగా వ్రాయుచున్నాను. అమెరికాలో నింటింట నుండిన శిశుపోషణ గ్రంథము డాక్టరు బెంజమిన్ స్పాక్‌గారిది. 1950ల నాటి కూర్పులలో నాయన శిశువును బోర్ల పరుండబెట్టుటయే మేలని సలహా యిచ్చెను. వెల్లకిల పరుండిన బిడ్డ వాంతి చేసికొనినచో నది గొంతున కడ్డుపడునేమో యని యాయన భయము. వినుటకు యుక్తియుక్తముగానే యున్నది. గొప్ప వైద్యుడు, మంచి మనసుతో చెప్పిన మాట. లక్షలాది తల్లు లట్లే చేసిరి. కాని రాత్రి చక్కగా పాలుత్రాగి పరుండిన బిడ్డ తెల్లవాఱుసరికి మరణించియుండుట, కారణము తెలియకుండుట, యను ఘోరము బోర్ల పరుండబెట్టిన బిడ్డలలోనే హెచ్చుగా నున్నదని పరిశోధనలవలన క్రమముగా తేలినది. అమెరికా శిశువైద్యుల సంఘము 1992లో శిశువును వెల్లకిలగాని ప్రక్కగాగాని పరుండబెట్టుడని చెప్పినది. 1994లో దేశమంతట ప్రచారము సాగినది. ప్రక్కగా పరుండబెట్టుటయు తగదని, వెల్లకిలయే యుత్తమమని పిమ్మట నిశ్చయించిరి. ఆ తరువాతి పదియేండ్లలో ఆ దేశమున నిట్టి మరణములు సగమునకు మించి తగ్గిపోయినవి.

ఇందులో గుండె కలచు విషయ మొకటి కలదు. 1970 నాటికే వెలువడిన పరిశోధనల నన్నిటిని ఎవరైన నొక్కచోట చేర్చి చూచియుండినచో బోర్ల పరుండబెట్టుటలోని యపాయము నాడే తెలిసియుండెడిదని 2005లో ప్రచురింపబడిన యొక సమీక్ష తెలిపినది. ఆధారములు చెల్లాచెదరుగా పడియుండెను. పోగుచేసి చూచినవారు లేరు.

మీ మనుమని దిండునకు వత్తము. శిశువు పరుండు పక్క గట్టిగాను సమముగాను ఉండవలెననియు, తొట్టిలో దిండ్లు, బొంతలు, మెత్తని బొమ్మలు ఉంచరాదనియు నేటి వైద్యుల యుపదేశము. మెత్తని వస్తువు ముఖమునకు తగిలి యూపిరి యాడకపోవు ప్రమాదము కలదు. తల గుండ్రదనమునకు మీరు దిగులుపడనక్కఱలేదు. బిడ్డ మేల్కొనియున్నప్పుడు మీ కన్నులయెదుట కొంతసేపు బోర్ల నుంచి యాడించుడు, ఎత్తుకొని తిప్పుడు, తల యొకే ప్రక్కకు వాలి యుండకుండ చూచుచుండుడు. మెడ నిలిచి కూర్చుండ నేర్చుకొలది తల చాలవఱకు దానంతట నదియే కుదురుకొనును.

కాబట్టి మీ యమ్మాయి దిండు తీసినది మిమ్ము తీసివేయుటకు గాదు. “ఆధారమేమి?” యను ప్రశ్న మన కేమియు క్రొత్తది కాదు. ప్రత్యక్షము, అనుమానము, ఆప్తవాక్యము అని ప్రమాణములను విభజించి వాదించిన దేశము మనది. చరకసంహితయందును వైద్యుడు దేనిచేత నిజమును పరీక్షింపవలెనో చెప్పబడినది. మీరు “మా యమ్మ చేసినది” యన్నప్పుడు చూపినది ఆప్తవాక్యము. స్పాక్‌గారి గ్రంథమును ఆప్తవాక్యమే. నేటి వైద్యులు ఆప్తవాక్యమును త్రోసివేయలేదు గాని, దానిని కడపటి పంక్తిలో కూర్చుండబెట్టినారు.

ఈ పద్ధతికి సాక్ష్యాధార వైద్యమని పేరు పెట్టవచ్చును. ఇంగ్లీషులో నీ పేరును 1991లో వాడుకలోనికి తెచ్చినవారు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున నుండు డాక్టరు గోర్డన్ గయాట్. అచ్చటి డాక్టరు డేవిడ్ సాకెట్ దీనికి దారి వేసినవారు. బ్రిటనులో ఆర్చీ కాక్రేన్ అను వైద్యుడు 1972లోనే వైద్యులు తాము చేయు చికిత్స నిజముగా ఫలించుచున్నదా యని లెక్కించి చూచుకొనవలెనని గ్రంథము వ్రాసెను. ఆయన పేర 1993లో వెలసిన సంస్థ యొకటి లోకమందలి పరిశోధనలను ఏఱి, తూచి, ఒక్కచోట కూర్చి ప్రకటించుచున్నది. పైన చెప్పిన శిశువుల విషయమున లేకపోయిన పని యిదియే.

ఆ పద్ధతి యెట్టిదో తెలియుటకు మన స్త్రీలకు సంబంధించిన యుదాహరణమునే తీసికొందము. ముట్లుడిగిన పిమ్మట స్త్రీలకు ఒడలు మంటలు, చెమటలు, నిద్రలేమి కలుగుట మన మెఱిగినదే. అందులకు హార్మోను మాత్ర లిచ్చుట అమెరికాలో చిరకాలముగా కలదు. మాత్రలు వాడు స్త్రీలకు గుండెజబ్బులు తక్కువగా వచ్చుచున్నవని పెక్కు పరిశీలనలు చెప్పెను. దానిని నమ్మి గుండె రక్షణకొఱకే ఆ మాత్రల నిచ్చు వైద్యులును బయలుదేరిరి. ఇందులో పొరపాటెక్కడ నుండవచ్చునో యోచింపుడు. ఏండ్ల తరబడి మాత్రలు కొని తప్పక మ్రింగగలవా రెవరు? చదువుకొన్నవారు, కలిగినవారు, ఏటేట వైద్యునికి చూపించుకొనువారు. వారి గుండెలు మాత్రలు లేకున్నను గట్టివే కావచ్చును. గట్టిదనము మాత్రదా, మనిషిదా?

దీనిని తేల్చుట కొక్కటే మార్గము. స్త్రీల నందఱను చేర్చి, చీట్లు వేసినట్లుగా, ఎవరి యిష్టమును లేకుండ, సగముమందికి మాత్రయు, సగముమందికి చూచుట కట్లేయుండు ఉత్తమాత్రయు నియ్యవలెను. ఎవరికేది వచ్చినదో మ్రింగువారికిని తెలియరాదు, ఫలము లెక్కించువారికిని తెలియరాదు. చీటి కలవారినీ లేనివారినీ యెఱుగదు గనుక రెండు గుంపులును అన్నివిధముల సమానముగా నుండును. అప్పుడు కనబడు భేదము మాత్రదియే. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో నిట్టి పరీక్షను జరిపిరి. ఎనిమిదేండ్లకు పైగా సాగవలసిన దానిని సగటున నైదేండ్లు గడచుసరికి, 2002లో, నిలిపివేసిరి. గుండెకు రక్షణ కలుగలేదు సరికదా, గుండెపోటులును, పక్షవాతమును, రొమ్ము క్యాన్సరును కొంచెము హెచ్చినవి. తుంటియెముక విఱుగుటయు, పెద్దప్రేవు క్యాన్సరును తగ్గినవి.

ఇక “కొంచెము” అనుమాటను గుఱించి. పత్రికలు ఆనాడు రొమ్ము క్యాన్సరు నూటికి 26 వంతులు హెచ్చినదని పెద్ద యక్షరములతో వేసినవి. అది యబద్ధము కాదు. కాని మూలపు లెక్క యిది: మాత్ర తీసికొనని పదివేలమందిలో ఏడాదికి 30 మందికి ఆ వ్యాధి రాగా, తీసికొనిన పదివేలమందిలో 38 మందికి వచ్చినది. పదివేలకు ఎనమండ్రు హెచ్చు. రెండు మాటలును ఒక్క లెక్కనుండియే వచ్చినవి. మొదటి మాట విన్న స్త్రీ భయముతో సీసా పాఱవైచును, రెండవది విన్న స్త్రీ కూర్చుండి యాలోచించును. సోదరీమణులారా, ఏ మందును గుఱించియైన “నూటికింత హెచ్చు, నూటికింత తగ్గు” అని మీరు వినినప్పుడు, “ఎంతలో హెచ్చు? ఎందఱిలో నెందఱికి?” అని యడుగుడు. ఈ యొక్క ప్రశ్న నేర్చినవారిని ఏ మందు ప్రకటనయు సులభముగా మోసగింపజాలదు.

అంతటితోను కథ ముగియలేదు. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. ఏబదియేండ్ల వయస్సున నొడలిమంటలతో నిద్రపట్టక బాధపడు స్త్రీకి ఆ ఫలితమును యథాతథముగా అన్వయింపవచ్చునా? కూడదని తరువాతి పరిశీలనలు తెలిపినవి. అరువదికి లోబడిన వయస్సున, ముట్లుడిగి పదియేండ్లు కాని స్త్రీలలో, బాధ తీవ్రముగా నున్నవారికి, ఇతర యాటంకములు లేనిచో, లాభమే హెచ్చుగా నుండవచ్చునని నేటి వైద్యుల మతము. అందుచేతనే సాకెట్‌గారు ఈ వైద్యమునకు మూడు కాళ్ళు చెప్పిరి: ఉత్తమమైన పరిశోధన, వైద్యుని యనుభవము, రోగి యొక్క యిష్టానిష్టములు. ముక్కాలిపీటకు ఏ కాలు విఱిగినను పీట నిలువదు.

చీట్లు వేయుటకు వ్యవధిలేని వేళలును కలవు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బొంగావ్ శిబిరములో కలరాతో శరణార్థులు కుప్పలుగా చనిపోవుచుండగా, సిరలలో నెక్కించు నీరు నిండుకొనినది. డాక్టరు దిలీప్ మహలనబీస్ చక్కెర, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి తల్లులచేతను బంధువులచేతను రోగులకు త్రాగించెను. నూటికి ముప్పదిమంది మరణించుచుండినచోట మరణములు నూటికి నలుగురికి లోబడినవి. ఆధారమనగా చీటి యొక్కటియే కాదు. చేసినదానిని దాచక లెక్కవ్రాసి చూపుటయును ఆధారమే.

పెద్దల యాచారము లన్నియు పోవలసినవే యనియు మీ రనుకొనరాదు. చంటిబిడ్డను తల్లి యొడలి వెచ్చదనముననే యుంచుట, అడిగినప్పుడెల్ల చనుబా లిచ్చుట, బాలింతకు ఇంటిపని తప్పించుట, ఇవి నిలిచిన యాచారములు. ముర్రుపాలు పిండి పాఱబోయుట నిలువనిది. ఏది యెందులో చేరునో పరీక్షించిననే గాని తెలియదు.

ఇక రెండవ దుఃఖము. “అసిస్టెంటు” అను మాట మీకు గ్రుచ్చుకొనినది. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీ రెఱుగుదురు. 1895లో భీమవరమున జన్మించిన యాయనకు మదరాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి వచ్చెను. అమెరికాకు పోయి పరిశోధనాలయములలోనే జీవితము గడపెను. 1940లలో ఆయన యాజమాన్యమున లెడర్లే పరిశోధనాలయము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. అంతకు పూర్వము 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను నింగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లుకూలీల రక్తహీనతకు ఈస్టుసారము నిచ్చి నయముచేసి, అందులో నేదో గుణము కలదని కనిపెట్టెను. ఆ గుణము ఫోలిక్ ఆమ్లముదే. ఒకసారి వెన్నెముక లోపముతో బిడ్డను కనిన తల్లులకు మరల నట్టి బిడ్డ పుట్టకుండుటకు ఇది తోడ్పడునా యని 7 దేశములలో చీట్లు వేసినట్టి పరీక్షను జరిపి, 1991లో ఫలము ప్రకటించిరి. లోపముగల గర్భములు 27 కాగా, అందులో ఫోలిక్ ఆమ్లము తీసికొనిన సగములోనివి 6, తీసికొనని సగములోనివి 21. నేడు గర్భము దాల్చుటకు ముందునుండియే స్త్రీలను ఫోలిక్ మాత్ర తీసికొనుమని చెప్పుట యిందువలననే. మీ పెద్దమ్మాయియు మ్రింగియేయుండును. ఆ మాత్రమీద సుబ్బారావుగారి పట్ట మేదో వ్రాసియుండలేదు.

ఫిజీషియన్ అసిస్టెంటు కాంపౌండరు కాదు, నర్సును గాదు. ఈ వృత్తి నార్త్ కారొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరు యూజీన్ స్టెడ్‌గారిచేత ప్రారంభింపబడినది. వైద్యుల కొఱత తీర్చుటకై యాయన మొదట ననుభవజ్ఞులైన నర్సులకే పై చదువు చెప్పింపజూచెను. నర్సింగు విద్యల కనుమతి నిచ్చు సంఘము ఒప్పుకొనలేదు. అప్పు డాయన నౌకాదళములో క్షతగాత్రులకు చికిత్స చేసి వచ్చిన నలుగురు పురుషులతో తరగతి తెఱచెను. వారిలో ముగ్గురు 1967 అక్టోబరులో పట్టము పొందిరి. స్త్రీలకొఱకు తలపెట్టినది పురుషులకు పోయినది గదా యని నే ననుకొంటిని. కాని 1970లో జాయిస్ నికొల్స్ అను నల్లజాతి స్త్రీ డ్యూక్‌లో నా పట్టము పొందినది. నేడా వృత్తిలో పదిమందికి దాదాపు ఏడుగురు స్త్రీలే.

వీరు రోగి చరిత్ర నడిగి తెలిసికొందురు, పరీక్షింతురు, రోగనిర్ణయము చేయుదురు, మందు వ్రాయుదురు, శస్త్రచికిత్సలలో చేయూత నిత్తురు. 50 రాష్ట్రములలోను మందు వ్రాయు నధికారము కలదు. వైద్యునితో నెట్టి సంబంధమున పనిచేయవలెనో ఆయా రాష్ట్రపు చట్టము నిర్ణయించును. పేరు చాలదని వారికిని తోచి, వారి జాతీయసంఘము 2021లో “ఫిజీషియన్ అసోసియేట్” అను పేరునకు తీర్మానము చేసినది. ఉగాది సభలో నెవరైన నడిగిన నా పేరే చెప్పుడు, మీకు నచ్చినచో.

చదువు సుమారు 27 నెలలు. మొదటి భాగము తరగతులు, రెండవ భాగము ఆస్పత్రులలో సాధారణ వైద్యము, శస్త్రచికిత్స, శిశువైద్యము, ప్రసూతి, అత్యవసర వైద్యము, మానసిక వైద్యము మొదలగువానిలో శిక్షణ. పిదప 300 ప్రశ్నల జాతీయ పరీక్ష, రాష్ట్రపు లైసెన్సు. అందులో చేరుటకు దరఖాస్తు మాత్రము సులభమైనది కాదు. పెక్కు పాఠశాలలకు కాస్పా యను కేంద్ర పద్ధతిద్వారా నొకేసారి పంపుకొనవచ్చును. అది యేటేట ఏప్రిలు చివర తెఱవబడును. గడువులు వేఱువేఱైనను, వచ్చినవానిని వచ్చినట్లే చూచి సీట్లు నింపు పాఠశాలలు పెక్కుగలవు గనుక గడువుదాక కూర్చుండుట నష్టము. శరీరనిర్మాణము, శరీరధర్మము, సూక్ష్మజీవశాస్త్రము, రసాయనము మున్నగు విషయములలో ముందే యుత్తీర్ణులు కావలెను. గణాంకశాస్త్రమును అడుగు పాఠశాలలు పెక్కు. పైన చెప్పిన పదివేలలో ఎనమండ్రు లెక్క తెలియుటకే యది.

అన్నిటికంటె కష్టమైనది రోగులకు స్వయముగా సేవచేసిన గంటల లెక్క. కొన్నిచోట్ల 500 గంటలు, కొన్నిచోట్ల 1,000, కొన్నిచోట్ల 2,000 కోరుదురు. ఆంబులెన్సులో, వృద్ధాశ్రమములో, ఆస్పత్రి వార్డులో రోగులను లేపి కూర్చుండబెట్టి, స్నానము చేయించి, రక్తపుపోటు చూచి సంపాదింపవలసిన గంటలవి. వైద్యుని ప్రక్క కూర్చుండి వ్రాసికొను ఉద్యోగపు గంటలను కొన్ని పాఠశాలలు ఈ పద్దులో చేర్చుకొనవు. మీ యమ్మాయి తాను చేసిన పని యే పద్దులో పడునో ప్రతి పాఠశాల నియమమును చదివి నిశ్చయించుకొనవలెను. సిఫారసు లేఖలు సాధారణముగా మూడు కావలెను. అందులో నొకటి ఆ వృత్తిలోనివారిది యైన మేలు. ఈ వృత్తి యేల కోరితివో 5,000 అక్షరములకు మించక వ్యాసము వ్రాయవలెను. “చిన్ననాటినుండి సేవాభిలాష” యని యందఱును వ్రాయుదురు. ఆవాల దిండు కథ వ్రాసిన నెంత బాగుండును! అమ్మను నొప్పించితినని, మఱియొకసారి యైన నా మాట నెట్లు చెప్పుదునో యని. రోగియింటి పెద్దలతో మాటలాడుట యీ వృత్తిలో సగము పని గదా.

ఇక్కడ మీ యమ్మాయికిని నొకమాట. అమ్మా, నీ విషయము సరియైనది, నీ రీతి సరికాదు. ముక్కాలిపీటలో మూడవ కాలు ఎదుటివారి మనసు. శిశువును చూచి మురిసి కుట్టిన దిండును ముందు చేతబట్టి చూచి, ఆమె కుట్టును మెచ్చుకొని, పిదప సంగతి చెప్పియుండినచో నీ మూడు వారములు పోయెడివి కావు. మఱియు నీవు కోరిన చదువునకు ఆధారమేమని మీ నాన్నగా రడిగిన, నీవు ముఖము మాడ్చుకొనరాదు. డాక్టరు చదువు దీర్ఘమని, పరీక్ష కష్టమని వెఱచి దీనికి వచ్చుచున్నచో నది తగిన కారణము కాదు. చికిత్సలో కడపటి మాట తనదే కావలెనని కోరువారికి ఈ వృత్తియందు తృప్తి కలుగదు, తరువాత డాక్టరు కావలెనన్న మొదటినుండి మొదలుపెట్టవలెను. ఒక శాఖనుండి మఱియొక శాఖకు సులభముగా మాఱగలుగుట, ముప్పదియేండ్లలోపుననే స్వతంత్రముగా సంపాదించుకొనుట, రోగులతో హెచ్చుకాలము గడపుట, ఇవి కోరినచో తగును.

అయ్యగారి భీష్మప్రతిజ్ఞకు నేను చెప్పు మందిది. వట్టి “ఇయ్యను” మాని, లెక్క లడుగవలెను. ఇట్టి పాఠశాలలు ఆ దేశమున 300కు పైగా కలవు, అన్నియు నొక్కతీరువి కావు. తమ విద్యార్థులు జాతీయపరీక్షలో మొదటిసారియే నూటి కెందఱు నెగ్గిరో, మధ్యలో నెందఱు చదువు మానిరో ప్రతి పాఠశాలయు బహిరంగముగా ప్రకటింపవలెనని నియమము కలదు. అమ్మాయి దరఖాస్తు పెట్టదలచిన పాఠశాలలకు ఆ సంఖ్యలు తెచ్చి చూపుమనుడు. గుర్తింపు పూర్తిదా, తాత్కాలికమా, షరతులతో కూడినదా యనియు చూడుడు. నూటికి 95 మంది నెగ్గిరన్నచో తరగతిలో మొత్తమెందఱు, చివరిదాక నిలిచిన దెందఱని యడుగుడు. జీతము సహా ఖర్చు లక్ష డాలర్లు దాటు పాఠశాలలు కొల్లలు. 2023లో ఆ దేశమున ఈ వృత్తివారి వార్షికాదాయము సుమారు 1,30,000 డాలర్లు. అనగా సగముమంది కంతకు హెచ్చు, సగముమంది కంతకు తక్కువ. అప్పు, వడ్డీ, తీర్చు కాలము అమ్మాయిచేతనే కాగితముమీద వేయింపుడు. డాక్టరు చదువునకును అదే లెక్కను, శిక్షణ ముగియువఱకు పట్టు కాలముతో సహా, ప్రక్కనే వేయింపుడు. తండ్రీకూతుండ్రు ఆ కాగితము ముందు రెండు సాయంకాలములు కూర్చున్న చాలును. ఆ పిమ్మట కూడ ఆయన మనసు డాక్టరు చదువుమీదనే యున్నచో, అది యాయన యిష్టమని యొప్పుకొనవలసినదే గాని, అమ్మాయి తప్పని యనరాదు.

మీ యుత్తరపు టంచున చిన్నయక్షరములతో, ఆ దిండును పాఱవేయుటకు మనసొప్పకున్నదని వ్రాసితిరి. పాఱవేయ నేల? విప్పి, ఆవాలు శుభ్రముగా చెఱిగి పోపులపెట్టెలో పోసికొనుడు. ఉగాదికి అమ్మాయి వచ్చినప్పుడు ఆ యావాలతోనే పులిహోర కలిపి పెట్టుడు. తేనెసీసాను మాత్రము మనుమని పుట్టినరోజు దాటువఱకు పై యఱలోనే యుంచుడు.